ఆరువందల నలభై మీటర్లు

మెర్రన్ వాగు గుడిసె,
మాకెంజీ
జూన్ 16

అక్కా,

టపా వ్యానులో ఒక గోనె మూట వస్తుంది. డ్రైవర్ గుమ్మం ముందు పడేసి పోతాడు, ముందే కుక్కని కట్టేసుకో. లోపల తార్ కొండమేక పోతు చర్మం. తల, కొమ్ములు, గిట్టలు, అన్నీ ఉన్నాయి. కొమ్ము పన్నెండున్నర అంగుళాలు. జూన్ కదా, నడిశీతాకాలపు జూలు, నిండుగా ఉంది. తల ఒక్కటే గోడకి తగిలించడం కాదు, నువ్వు గడ్డి కూరి జంతువు మొత్తాన్ని నాలుగు కాళ్ళ మీద నిలబెట్టాలి. క్రైస్ట్‌చర్చ్‌లో నైజెల్ తుపాకుల దుకాణం ఉంది కదా, లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా పెడతాడట. కింద ఇత్తడి పలక: "640 మీటర్లు. ఒకే తూటా."

కొట్టింది ఎవరో చెబితే నవ్వుతావు. ఓమరూలో నలభై ఏళ్ళు రొట్టెలు కాల్చి విశ్రాంతి తీసుకుంటున్న ముసలాయన. విల్ఫ్ టెంపుల్టన్, అరవై ఎనిమిదేళ్ళు. మ్యూజియం గోడ మీదనుంచి ఎత్తుకొచ్చినట్టు ఒక త్రీ నాట్ త్రీ భుజాన వేసుకుని దిగాడు. జేబులో ఆరు తూటాలు. "ఆరేనా?" అంటే "ఐదు ఎక్కువే" అన్నాడు. అలాంటి మనిషి చేతికి నా కొత్త ఏడు ఎం.ఎం. మాగ్నం రైఫిల్ ఇచ్చాను. గుండు గొట్టంలోంచి సెకనుకి తొమ్మిదివందల అరవై మీటర్ల వేగంతో బయటపడుతుంది. లేజర్ దూరం చెప్పింది, స్కోప్ మీద చక్రం నేను తిప్పాను, ట్రిగ్గర్ ఆయన నొక్కాడు. మేక కూలిపోయింది. రొట్టెలవాడు కొట్టగలిగినప్పుడు ఇంకెవడు కొట్టలేడు? నైజెల్‌కి కావలసింది ఆ మాటే. రైఫిల్ ఊరికే ఇచ్చాడు మరి.

అక్టోబర్ నుంచి నా గుడిసెలో రెండు రోజుల శిక్షణ పెడుతున్నాం. పేరు "దూరపు వేట, ధర్మంగా". ఇప్పటికే పన్నెండు మంది చేరారు.

నువ్వు మూతి విరుస్తావని తెలుసు. నాన్నలాగా ఈటె గడ్డిలో పొట్ట మీద పాకి, మేక ఊపిరి వినిపించేదాకా పోయి కొడితేనే వేట అంటావు. ఆ పాకడంలో రాయి జారి, మేక పారిపోయి, నాన్న ఉత్త చేతులతో ఇంటికొచ్చిన రోజులు నాకు గుర్తే. అవతలి కొండ మీద మేస్తున్న మేకకి తను చచ్చిపోయిన సంగతి కూడా తెలియదు. అంతకన్నా ధర్మం ఏముంది? పైగా హిమాలయాలనుంచి తెచ్చి ఈ కొండల్లో వదిలిన మేక. సర్కారే హెలికాప్టర్లనుంచి కాల్పిస్తోంది. దాని దగ్గరికి వంగి వంగి వెళ్ళి నమస్కారం పెట్టాలా?

సెప్టెంబర్ లోపల తయారు చెయ్యి.

లాకీ


జెరాల్డీన్
జూన్ 24

ఒరేయ్ లాకీ,

నాన్న ఉత్త చేతులతో వచ్చిన రోజులు నాకూ గుర్తే. ఆ రోజుల్లో ఆయన అన్నం తిని నిద్రపోయేవాడు. కొట్టి పోగొట్టుకున్న రోజు మాత్రం తినేవాడు కాదు. నువ్వు చిన్నవాడివి, నీకు ఆ తేడా తెలియకపోవచ్చు.

ధర్మం గురించి నువ్వు చెప్పిన పాఠం బాగుంది. ఒక్క సందేహం. ఆరువందల నలభై మీటర్లు పోవడానికి నీ వేగవంతమైన గుండుకి ఎంత కాలం పడుతుంది? సెకను కాస్త అటూ ఇటూ. ఆ సెకనులో మేకకి పక్క గడ్డి పరక మీద ఆశ పుడితే? ఒక్క అడుగు వేస్తే? తూటా దారిలో ఉండగా వెనక్కి పిలిచే చక్రం కూడా నీ స్కోప్ మీద ఉందా?

ఇక మూట సంగతి. నిన్న విప్పాను. ముందు మెచ్చుకోవలసిన మాట చెబుతాను: ఉప్పు పట్టించిన తీరు చాలా బాగుంది. చెవులు కూడా లోపలినుంచి వొలిచి తిప్పి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా నీకు చెబుతున్నాను, ఇప్పటికి నేర్చుకున్నావు.

ఇప్పుడు రెండో మాట. ఒకే తూటా అన్నావు. నా బల్ల మీద ఉన్న చర్మానికి రెండు గాయాలున్నాయి.

మొదటిది ఎడమవైపు, బాగా వెనకగా, పొట్ట మీద. దాని చుట్టూ వెంట్రుకలు పచ్చగా అట్టకట్టి ఉన్నాయి. అది గడ్డి పసరు, కడుపులోది. గాయం అంచులు ఎండి ముడుచుకున్నాయి. కుడివైపు చర్మం లోపల అతుక్కుని గుండు దొరికింది. తగలగానే విచ్చుకోవలసిన మొన విచ్చుకోనే లేదు. అంత దూరం పోయేసరికి దాని వేగమంతా ఏమైందో నైజెల్‌నే అడుగు. రెండోది మెడ మీద, చెవి వెనక. ఇటునుంచి అటు శుభ్రంగా దూసుకుపోయింది, దగ్గరనుంచి కొట్టింది. మొదటి గాయానికీ రెండోదానికీ మధ్య కనీసం ఒకటిన్నర రోజు ఉంది. ముందు మోకాళ్ళ మీద వెంట్రుకే లేదు, తోలు అరిగిపోయింది. ఆ పోతు రాళ్ళ మీద మోకాళ్ళతో పాకింది రా. నువ్వు పాకనన్నావు కదా, నీ బదులు అది పాకింది.

ఈ చిల్లు కుట్టి, మోకాళ్ళకి రంగేసి, కింద "ఒకే తూటా" అని కొట్టమంటావా? ఎవరు ఏం చేశారో నిజం రాయి. అప్పటిదాకా చర్మం ఉప్పులోనే ఉంటుంది.

మోరాగ్


మెర్రన్ వాగు గుడిసె
జూలై 2

అక్కా,

గడ్డీ జిగురూ కూరి బొమ్మలు చేసే పని మానేసి పోలీసుల్లో ఎప్పుడు చేరావు?

సరే, విను. ముసలాయన చెయ్యి వణికింది. ఊపిరి బిగపట్టమంటే బిగపట్టలేదు. గాలి చూసి నేను చెప్పిన చోట గురి పెట్టకుండా తన తెలివి ఉపయోగించాడు. పొట్టలో దిగింది. అది గట్టు దాటి పోయింది. తర్వాత నేనే, ఆ మంచులో, రెండు రోజులు వెతికి పట్టుకుని ముగించాను. ఆయన ఆ రెండు రోజులూ పొయ్యి పక్కన కూర్చుని స్కోన్ రొట్టెలు తిన్నాడు, వెన్న సరిపోలేదని గొణిగాడు కూడా. నాలుగు డబ్బులిచ్చి కొండకొచ్చే ఇలాంటివాళ్ళని మొయ్యడమే నా బతుకు. నీకేం తెలుసు, నీ దగ్గరికి వచ్చేవి అన్నీ చచ్చినవే.

తప్పు రైఫిల్‌ది కాదు, తూటాది కాదు, మనిషిది. ఒక రొట్టెలవాడి వణుకు కోసం నైజెల్ పని పాడుచేసుకోమంటావా? ఒకే తూటా అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు, ఆయన వేసింది ఒకటే. చిల్లు కుట్టెయ్. నీ కుట్టు ఎవరికీ కనపడదని నువ్వే గొప్పలు చెబుతావు.

లాకీ


జెరాల్డీన్
జూలై 9

లాకీ,

రెండు రోజులు వెతికి ముగించావన్న మాట చదివి నీ మీద కోపం సగం తగ్గింది. నాన్న బతికి ఉంటే నీ భుజం తట్టేవాడు. ఆయన తట్టడం ఎంత అరుదో నీకు తెలుసు. మొదటి ఉత్తరంలోనే ఆ సంగతి రాసి ఉంటే ఇంత తిట్టేదాన్ని కాదు. మంచి పని దాచి అబద్ధం చెప్పేవాడిని నిన్నే చూశాను.

మిగిలిన సగం కోపం ఎవరికి చెందాలో వాళ్ళకి పంపించాను. గోనెకి కట్టిన చీటీ మీద టెంపుల్టన్ గారి చిరునామా ఉంది. ఆయనకి ఉత్తరం రాశాను. ఏం రాశానో నీకూ చెబుతాను, నాలుగు ముక్కలే:

"అయ్యా, మీరు కొట్టిన జంతువు నా బల్ల మీద ఉంది. దాని మోకాళ్ళు చూడ్డానికి ఒకసారి రండి. కొట్టడం చేతకాకపోవడం తప్పు కాదు. కొట్టి, పొయ్యి పక్కన కూర్చుని స్కోన్లు తినడం తప్పు. మీరు కాల్చిన రొట్టెలు ఏనాడూ నా కంట పడనందుకు సంతోషిస్తున్నాను."

కాస్త ఘాటు అయిందేమో. అయినా ఆ వయసులో చక్కెర తగ్గించడం మంచిదే.

పలక మీద మాట మాత్రం మార్చాలి. "640 మీటర్లు" అని ఒక్కటీ రాయించుకో. "ఒకే తూటా" నా చేతుల మీదుగా పోదు.

మోరాగ్


మెర్రన్ వాగు గుడిసె
జూలై 13

అక్కా,

నీకెవరు రాయమన్నారు? నా దగ్గరికొచ్చే వేటగాళ్ళకి ఉత్తరాలు రాసే అధికారం నీకెవరిచ్చారు? ఆయన జవాబిస్తే చదవకు, చించి పారెయ్. మతిమరుపు మనిషి, ఏదో ఒకటి అంటాడు.

పలక మారదు. చర్మం పని మొదలుపెట్టు. ఇక దీని గురించి నాకు రాయకు.

లాకీ


జెరాల్డీన్
జూలై 28

లాకీ,

రాయకు అన్నావు. రాస్తున్నాను. చదవడం మానే ధైర్యం ఉంటే మానెయ్.

మొన్న గురువారం పొద్దున వాన పడుతుంటే ఒక పాత కారు వచ్చి ఆగింది. అందులోంచి ఒక మనిషి దిగడానికి మూడు నిమిషాలు పట్టింది. రెండు చేతికర్రలు. టోపీ తీసి, "మోరాగ్ గారంటే మీరేనా? నేను విల్ఫ్ టెంపుల్టన్‌ని. చూడ్డానికి రమ్మన్నారు," అన్నాడు.

నేను మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. తిన్నగా బల్ల దగ్గరికి తీసుకెళ్ళి దుప్పటి తీశాను. "చూడండి" అన్నాను.

ఆయన చూశాడు. మోకాళ్ళ మీద అరిగిన చోట వేలితో నిమిరాడు. చెవి మడత సరిచేశాడు. "చెవులు బాగానే నిలిచాయి. ఉప్పు చాలలేదేమో అనుకున్నా, తడి ఎక్కువ ఉందప్పుడు," అన్నాడు.

నాకు అప్పుడే ఎక్కడో కలుక్కుమంది. అయినా నా నోరు ఆగదు కదా. "ఉప్పు సంగతి మీకెందుకండీ? అంత దూరంనుంచి కొట్టమని ఎవరేడ్చారు?" అన్నాను.

ఆయన పళ్ళెంలో పెట్టిన గుండు తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. "ఇది నా తుపాకీలో వేస్తే గింజలా అటునుంచి ఇటు జారిపోతుందమ్మా. సన్నంగా ఉంది," అన్నాడు.

"మా తమ్ముడు తన రైఫిల్ మీకిచ్చాడు కదా."

"ఇచ్చాడు. నేను తీసుకోలేదు."

"ఎందుకు?"

"అంత దూరంలో నాకు మేక కనపడదు, మేక రంగు కనపడుతుంది. రెండు గంటలు ఆ వాగు వెంబడి పోతే వంద మీటర్లలోపు దొరుకుతుంది, పోదాం అన్నా. నవ్వాడు. నీ కాళ్ళకి రెండు గంటలు కాదు, రెండు వారాలు పడుతుంది తాతా, చూడు ఇలా, అని తనే పడుకుని కొట్టాడు."

లాకీ, నేను కుర్చీలో కూర్చున్నాను. ఆయన నిలబడే ఉన్నాడు. తర్వాత ఏమైందో చెప్పమంటే చెప్పనన్నాడు. "తమ్ముడి మీద అక్కకి చాడీలు చెప్పడానికి రాలేదు. మీరు రమ్మన్నారు, వచ్చాను," అన్నాడు. కేటిల్ పెట్టి, కుర్చీ వేసి, బతిమాలితే గానీ మిగతాది బయటికి రాలేదు. అదీ ముక్కలు ముక్కలుగా.

నువ్వు కొట్టాక మేక వీపు వంచిందట. అలా వంచిందంటే పొట్టలో తగిలినట్టని పసిపిల్లలకి కూడా తెలుసు. నువ్వు స్కోప్‌లోంచి చూసి "తప్పింది, గాలి" అన్నావు. అవతలి కొండకి పోయి చూద్దామంటే "తప్పినదాని కోసం ఎవడు పోతాడు" అని గుడిసెకి దిగిపోయావు. ఆయన దిగలేదు. ఆ సాయంత్రం చీకటి పడేదాకా, మర్నాడు పొద్దుటినుంచీ, ఆ మర్నాడు మధ్యాహ్నం దాకా ఆయన ఒక్కడే వెతికాడు. కుర్రతనంలో మూడేళ్ళు సర్కారు జింకల వేటలో పనిచేశాడట. నీకు ఎప్పుడైనా చెప్పాడా? నువ్వు అడిగావా? ఒక గట్టు మీద దొరికింది. ముప్ఫై అడుగుల దగ్గరికి వెళ్ళి ఆ మ్యూజియం తుపాకీతో చెవి వెనక కొట్టాడు. అక్కడే వొలిచి, ఉప్పు లేక మంచు రాసి, మూట కట్టి మోసుకొచ్చి, గుడిసె దగ్గర ఉప్పు పట్టించాడు. కొండ దిగేటప్పుడు మోకాలు తిరిగిపోయింది. ఇక కొండ ఎక్కొద్దని డాక్టర్ చెప్పాడట.

"మరి చర్మం మీరెందుకు తీసుకెళ్ళలేదు?" అన్నాను.

"నేను దాన్ని వేటాడలేదు కదమ్మా. బాధ తప్పించానంతే."

"నా ఉత్తరానికి జవాబైనా రాయకపోయారా?"

"ఏం రాయను? మీరు జంతువు మీద జాలితో తిట్టారు. ఆ తిట్టు ఎవరికి తగిలితే ఏం, మంచిదే అనుకున్నా."

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఒక కాగితం పొట్లం నా చేతిలో పెట్టాడు. రొట్టె. మీరు ఎప్పుడూ చూడలేదన్నారుగా, అన్నాడు. వెటకారం కూడా కాదు రా. వెటకారమైతే తట్టుకునేదాన్ని.

నేను కూడా దూరంనుంచే కొట్టాను. దగ్గరికి పోయి ఎవరో ఏమిటో చూడకుండా. ఆ సిగ్గు నాది, దాన్ని నేనే మోస్తాను. నీది నువ్వు చూసుకో. మేకని కొట్టావు, అబద్ధం చెప్పావు, అది పట్టుబడితే ఇంకొకటి చెప్పావు. అన్నిటికన్నా నీచం, ఆయన పడ్డ కష్టాన్ని నీదిగా రాసుకుని, నీ స్కోన్లు ఆయన నోట్లో పెట్టావు. నేను మురిసిపోయాను. నాన్న భుజం తట్టేవాడని రాశాను. ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ చర్మానికి సూది పట్టను.

మోరాగ్


మెర్రన్ వాగు గుడిసె
ఆగస్టు 10

అక్కా,

శనివారం నువ్వు సంతకి పోయినప్పుడు వచ్చి చర్మం తీసుకెళ్ళాను. తాళంచెవి ఇంకా పూలకుండీ కిందే పెడుతున్నావు. తిమారులో ఒకతనికి ఇచ్చాను, ప్రశ్నలు వెయ్యని మనిషి.

అవును, నేనే కొట్టాను. గాలి మారింది. ఎవరికైనా జరుగుతుంది. దగ్గరనుంచి కొట్టినవాళ్ళు గాయపరిచి వదిలిన జింకలు ఈ కొండల్లో ఎన్ని చచ్చాయో ఎవడు లెక్క పెట్టాడు? అప్పుడు ఎవరూ ఉత్తరాలు రాయలేదు. నాన్న పేరు తియ్యడం మానెయ్. నువ్వు జీవితంలో ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కి ఉంటే నీ నీతులు వినేవాడిని.

ముసలాయన్ని నేను వెతకమనలేదు.

లాకీ


జెరాల్డీన్
సెప్టెంబర్ 12

లాకీ,

నిన్న క్రైస్ట్‌చర్చ్ వెళ్ళాను. నీ మేకని చూసి వచ్చాను.

తిమారు మనిషికి ప్రశ్నలే కాదు, పని కూడా రాదు. కళ్ళు ఒకటి తూర్పు, ఒకటి పడమర. మోకాళ్ళకి ఏదో బొచ్చు అతికించి గోధుమరంగు పూశాడు, ఊలు మేజోళ్ళు తొడిగినట్టుంది. మెడ మీద కుట్టు నాకు నాలుగు బారల దూరంనుంచి కనిపించింది. కింద పలక మాత్రం ధగధగలాడుతోంది.

ఒక పడుచు జంట దాని ముందు నిలబడి ఉన్నారు. కుర్రాడు ఆ అమ్మాయితో, "చూశావా, ఆరువందల నలభై. ఒక్కటే," అంటున్నాడు.

"రెండు," అన్నాను.

"ఏంటండీ?"

"తూటాలు రెండు. మొదటిది పొట్టలో, రెండోది ఇక్కడ, ఈ కుట్టు కింద. మధ్యలో రెండు రోజులు. రెండోది కొట్టినాయన కొండంతా నడిచి వెళ్ళాడు. మొదటిది కొట్టినవాడు నా తమ్ముడు."

నైజెల్ బల్ల వెనకనుంచి వచ్చాడు. సన్నటి మీసం, ఖరీదైన చొక్కా. "మేడమ్, మీకేమైనా కావాలా?" అన్నాడు. నీ రైఫిల్ తూటా ఒకటి చూపించమన్నాను. చూపించాడు. ఇంత పొడుగు, చక్కగా, ఆడవాళ్ళ లిప్‌స్టిక్‌లా ఉంది. "ఇది పొట్టలో దిగాక కూడా ఇలాగే ఉంది బాబూ, కావాలంటే పంపిస్తాను," అన్నాను. బయటికి దారి చూపించాడు. మర్యాదగానే చూపించాడు.

నువ్వు ఇంట్లో దూరి చర్మం ఎత్తుకుపోయినందుకు నాకు కోపం లేదు. తాళంచెవి ఇంకా అక్కడే ఉంది. నేను ట్రిగ్గర్ నొక్కలేదన్నది నిజం. కానీ నీ ఉత్తరంలో చివరి వాక్యం మాత్రం పదిసార్లు చదివాను. "ముసలాయన్ని నేను వెతకమనలేదు." అనలేదు. నిజమే.

మోరాగ్


మెర్రన్ వాగు గుడిసె
అక్టోబర్ 4

అక్కా,

ముందు నీకు కావలసిన సంగతులు చెప్పేస్తాను. రైఫిల్ నైజెల్‌కి తిరిగి ఇచ్చేశాను. పలక తియ్యమంటే తియ్యనన్నాడు. "చర్మం నువ్విచ్చావు, బొమ్మ నాది, జనానికి నచ్చింది," అన్నాడు. పోట్లాడాను, లాభం లేకపోయింది. ఆ అబద్ధం అక్కడే నిలబడి ఉంటుంది. శిక్షణకి చేరినవాళ్ళకి జరిగింది జరిగినట్టు రాశాను. మొదటిరోజు తుపాకీ ఉండదు, నడక మాత్రమే అని కూడా రాశాను. తొమ్మిది మంది రామన్నారు. ఒకడు నన్ను పిరికివాడన్నాడు. కనీసం అతను నా సంగతి తెలుసుకుని అన్నాడు, నేను చాలామందిని తెలుసుకోకుండానే అన్నాను.

ఓమరూ వెళ్ళాను. టెంపుల్టన్ గారు తలుపు తీసి నన్ను చూసి, "లోపలికి రా, చలి వస్తోంది," అన్నారు. నేను చెప్పవలసిందంతా చెప్పాను. ఆయన విని, "ఊఁ" అన్నారు. క్షమించానని అనలేదు. మోకాలి మాట ఎత్తితే కిటికీలోంచి బయటికి చూశారు. వచ్చేటప్పుడు గోడ మీద ఆ త్రీ నాట్ త్రీ తగిలించే కొక్కేలు ఖాళీగా ఉండడం గమనించాను. అమ్మేశారట. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేశాను. నీ మాటలకి నేను మారలేదు, అది ముందే చెబుతున్నాను. గొప్పలు పోకు.

పోయిన నెల మూడో వారంలో శిక్షణ కోసం స్టీలు పలక బిగించాలనుకున్నాను, గురి పెట్టి కొట్టడానికి. నాకొచ్చిన ఆలోచన చూడు: మేక నిలబడిన చోటే పెడదాం, పన్నెండు మందీ నేను పడుకున్న రాతి మీద పడుకుని కొడతారు, కథ కూడా చెప్పొచ్చు. అలా పలకని వీపున కట్టుకుని అవతలి కొండకి బయలుదేరాను. అక్కడికి నేను వెళ్ళడం అదే మొదటిసారి.

మూడు గంటలు పట్టింది. స్కోప్‌లోంచి చదునుగా కనిపించింది అసలు చదునే కాదు. ఆ చోట ఒక రాయి మీద ఒక రాయి, దాని మీద ఇంకో రాయి పేర్చి ఉంది. కింది రాయి అడుగున వేలెడు వెంట్రుకల కుచ్చు నొక్కి పెట్టి ఉంది. కత్తెరతో కోసినట్టు తెగిన వెంట్రుకలు. గుండు కోసినవి. నేను తప్పిందన్న చోట.

అక్కడినుంచి ఇరవై అడుగుల్లో మరో మూడు రాళ్ళు. తర్వాత ఇంకొకటి. నెత్తురు చుక్క కనిపించిన ప్రతిచోటా టెంపుల్టన్ గారు రాళ్ళు పేర్చుకుంటూ పోయారు, దారి తప్పితే వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టడానికి. మంచు పడి కరిగినా రాళ్ళు కదల్లేదు. పలక అక్కడే దింపేసి వాటి వెంట పోయాను.

ఆరో గుట్ట, కాలు పెడితే కొట్టుకుపోయే రాళ్ళ జారుడు అంచున ఉంది. ఏడోది జారుడుకి అవతల. నేను తాడు లేకుండా దాటను, చుట్టూ తిరిగాను, గంట పట్టింది. ఆయన కూడా తిరిగే ఉంటారు, ఆ కాళ్ళతో. పదకొండో గుట్ట దగ్గర ఈటె గడ్డి నలిగి ఒక పడక ఉంది, మేక పడుకున్నది. అక్కడినుంచి మూడు దిక్కులకీ ఒక్కొక్క రాయి పెట్టి ఉంది. ఒక్కొక్క రాయే. అంటే దారి తప్పిపోయి మూడువైపులా వెతికి, ఏమీ దొరక్క, మూడుసార్లు వెనక్కి వచ్చారు. నాలుగోవైపు వెతికినప్పుడు దొరికింది. అటు మళ్ళీ మూడు రాళ్ళు.

మొత్తం ఇరవై ఆరు గుట్టలు. ఆఖరిది ఒక గట్టు మీద. మనిషి పడుకునేంత వెడల్పు. అక్కడ పక్కన ఒక చోట గడ్డి అణిగి ఉంది, ఆయన కూర్చున్న చోటేమో. నేను అందులోనే కూర్చున్నాను.

అక్కడినుంచి గుడిసె కనిపిస్తుంది అక్కా. తలుపు, కిటికీ, కట్టెల గూడు. పొద్దున నేను పొయ్యి ఆర్పకుండా వచ్చాను. పొగగొట్టంలోంచి పొగ నిటారుగా లేస్తోంది. గాలి లేదు, చాలా స్పష్టంగా కనిపించింది. ఆ రెండు రోజులూ నేను పొయ్యిలో కట్టెలు వేస్తూనే ఉన్నాను.

లాకీ